సెంట్రింగ్ ప్లైవుడ్‌కు పస జిగురులో ఉంది



మన సముదాయ భవనం మోల్డ్‌కు సెంట్రింగ్ ప్లైవుడ్ కొనే విషయం పోయిన మీటింగులో పది నిమిషాల్లో ముగిసింది. మూడు కొటేషన్లు చదివినారు. తక్కువ రేటు దానికి సరే అన్నారు. తరువాత గేటుకు ఏ రంగు వేయాలనే దాని మీద ముక్కాలు గంట మాట్లాడినారు. గేటు రంగు బాగలేకపోతే వచ్చే సంక్రాంతికి మార్చుకోవచ్చు. మోల్డ్ వేసే రోజు షీటు విడిపోతే మార్చుకునేది ఏమీ ఉండదు. "ఈ షీట్లలో ఏ జిగురు వాడినారు?" అని మేము లేచి అడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు. ఒకాయన మాత్రం "జిగురుతో మనకేం పని పెద్దాయనా, చెక్క గట్టిగా ఉంటే చాలదా" అన్నాడు. ఆ మాటకు జవాబు నిలబడి రెండు నిమిషాల్లో చెప్పేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాము. ఆర్డరు ఇంకా పోలేదు, కాబట్టి చదివి ఆలోచించడానికి టైము ఉంది.

మొదట బరువు లెక్క చూద్దాం. హాలు 60 అడుగులు, 40 అడుగులు. అంటే 2400 చదరపు అడుగులు. కప్పు మందం అయిదు అంగుళాలు. ఘనమీటరు ఆర్‌సిసి 2500 కిలోలు అని ఇంజనీర్లు పట్టుకునే లెక్క. ఆ ప్రకారం చదరపు అడుగుకు 29 కిలోలు పడుతుంది. 8 అడుగులు, 4 అడుగుల షీటు ఒక్కటి మోసేది సుమారు 930 కిలోలు. మొత్తం కప్పు దాదాపు 70 టన్నులు, బీముల బరువు వేరే. గూడ్స్ షెడ్డులో మేము చూసిన లెక్కలో చెప్పాలంటే, పాత బీసీఎన్ వ్యాగన్ ఒకటి నిండా సిమెంటు మూటలు ఎక్కించినా ఇంత బరువు రాదు. కాంక్రీటు గట్టిపడినాక ఆ బరువును కంబి, కాంక్రీటు మోసుకుంటాయి. గట్టిపడేదాకా మోసేది జాకీలు, వాటి మీద అడ్డకట్టెలు, వాటి మీద 12 ఎంఎం ప్లైవుడ్. పైన జల్లి, ఇసుక, నీళ్లే కాదు. ఇరవై ముప్పై మంది కూలీలు, వైబ్రేటరు కూడా ఉంటాయి. కింద జాకీల మధ్య తిరుగుతూ చీలలు బిగించే పిల్లోడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు. వాడి ఇంటి పేరు మన సభ్యుల లిస్టులో ఉండదు. అయినా ఆ రోజు మన కప్పు కింద నిలబడేది వాడే.

ఇప్పుడు ప్లైవుడ్ సంగతి. మానును లేతులో తిప్పి, పెన్సిల్ చెక్కినట్టు పలుచటి పొర తీస్తారు. ఒక పొర నిలువు ఈనె, దాని మీద పొర అడ్డం ఈనె, మళ్లీ నిలువు. ఇట్ల అయిదు, ఏడు, తొమ్మిది, ఎప్పుడూ బేసి లెక్కలో పేర్చి, మధ్య మధ్య జిగురు పూసి, వేడి ప్రెస్సులో నొక్కుతారు. చెక్క తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఈనె పొడుగునా ఉబ్బేది చాలా తక్కువ, అడ్డంగా జాస్తి. పక్క పొర అడ్డం తిరిగి ఉంటుంది కాబట్టి ఒకటి ఉబ్బబోతే ఇంకోటి పట్టి ఆపుతుంది. ప్లైవుడ్ వంకర పోకుండా ఉండే రహస్యం ఇదే. కానీ ఆ పట్టి ఆపే పని చేసేది ఎవరు? మధ్యలో ఉన్న జిగురు గీత. తడిసిన ప్రతిసారీ, ఎండిన ప్రతిసారీ రెండు పొరల గుంజులాట అంతా ఆ గీత మీదే పడుతుంది.

మేము చదువుకున్నది తమిళ మీడియంలో. అక్కడ జిగురును పసై అంటారు. తెలుగులో పస అంటే సత్తువ, సారం. మాటలు రెండూ ఒక తల్లి బిడ్డలో కాదో పండితులు చెప్పాలి గానీ, ప్లైవుడ్ విషయంలో మాత్రం పసై లేకపోతే పస లేదు. మన కన్నడం వాళ్లు అంటు అంటారు. అంటు వదిలితే ఏమవుతుందో చెప్తాము.

పాత రైల్వే టైంటేబుల్ పుస్తకం చేతిలోకి తీసుకుని వంచండి. సులభంగా వంగుతుంది, ఎందుకంటే పేజీ మీద పేజీ జారుతుంది. అదే పేజీలన్నింటికీ జిగురు పూసి అంటించి ఆరబెడితే పలక అవుతుంది, వంగదు. కాగితం అదే, మందం అదే. మారింది జారడం ఆగిపోవడమే. పలక బిగువు దాని మందాన్ని మూడుసార్లు హెచ్చవేసిన లెక్కలో పెరుగుతుంది. అంటే మందం సగమైతే బిగువు సగం కాదు, ఎనిమిదో వంతు అవుతుంది. 12 ఎంఎం షీటు నట్టనడుమ జిగురు వదిలేసి రెండు 6 ఎంఎం పలకలైతే, రెండూ కలిసి మోసినా పాత బిగువులో సుమారుగా నాలుగో వంతే మిగులుతుంది. చూడడానికి షీటు అట్లనే ఉంటుంది. కొలిస్తే 12 ఎంఎం వస్తుంది. చెక్కలో ఒక్క ఈనె కూడా విరగలేదు. "చెక్క గట్టిగా ఉంటే చాలదా" అన్న ప్రశ్నకు జవాబు ఇదే. చాలదు.

జిగురుల్లో జాతులు ఉన్నాయి. చవకది యూరియా ఫార్మాల్డిహైడ్. ఇంట్లో బీరువాకు, మంచానికి బాగానే ఉంటుంది. నీళ్లు, వేడి రెండూ కలిసి తగిలితే దాని కట్టుబాటు కరిగిపోతుంది. దానికి మెలమైన్ కలిపితే కొంచెం ఓర్చుకుంటుంది. ఫినాల్ ఫార్మాల్డిహైడ్ అనేది మూడోది. ఒకసారి ప్రెస్సులో గట్టిపడితే మరిగే నీళ్లకు కూడా లొంగదు. రేటు కూడా అట్లనే ఉంటుంది. ఖర్చు తగ్గించడానికి జిగురులో మైదా పిండి కలపడం ఉంది. కొంత కలపడం తప్పు కాదు, జిగురు సమంగా పరుచుకోవడానికి అది పనికొస్తుంది. కొంతకు మించితే అది జిగురు కాదు, గంజి. మన పక్క కంబళ్లకు చింతగింజల గంజి పెట్టిన చేతులు ఇంకా ఉన్నాయి. పిండి పదార్థం ఎంత బాగా అంటుతుందో, తేమ తగిలితే బూజు ఎంత త్వరగా పడుతుందో వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అందుకే ప్లైవుడ్ పరీక్షల్లో బూజు పరీక్ష అని కూడా ఒకటి పెట్టినారు.

షాపులో అడిగితే "ఎర్రగా గీత కనిపిస్తా ఉంది చూడండి, ఫినాల్" అంటారు. ఫినాల్ గీత ముదురు ఎరుపు గోధుమ రంగులో ఉండేది నిజమే. కానీ రంగు కలిపితే ఏ జిగురైనా ఎర్రగా కనిపిస్తుంది. కంటికి కనిపించేది చూసి జిగురును నమ్మలేము. దాన్ని కష్టపెట్టి చూడాలి. జిగురు పరీక్షలన్నీ ఈ కష్టపెట్టే పద్ధతులే.

మన దేశంలో ప్లైవుడ్ పరీక్షల పద్ధతులన్నీ ఐఎస్ 1734 అనే ప్రమాణంలో భాగాలు భాగాలుగా ఉన్నాయి. సెంట్రింగ్ ప్లైవుడ్‌కు ప్రత్యేకంగా ఐఎస్ 4990 ఉంది. పరీక్షలో మొదటిది మరగబెట్టడం. ఎంఆర్ అనే మామూలు రకానికి 60 డిగ్రీల వేడినీళ్లలో 3 గంటలు. బిడబ్ల్యూఆర్ రకానికి ఐఎస్ 303లో చాలాకాలంగా ఉన్న లెక్క ఏమిటంటే, 8 గంటలు మరిగే నీళ్లలో ఉంచి, 16 గంటలు 65 డిగ్రీల వేడిలో ఆరబెట్టి, మళ్లీ మరగబెట్టి, ఇట్ల మూడు దఫాలు. మెరైన్ రకానికి, అంటే ఐఎస్ 710కి, ఏకంగా 72 గంటలు మరగబెట్టాలి. మూడు పగళ్లు, మూడు రాత్రులు. చాలామంది ఇది విని నవ్వుతారు. కాంక్రీటు ఏమన్నా మరుగుతుందా అంటారు. మరగదు. కానీ కాంక్రీటు గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తుంది, దాని నీళ్లలో సున్నపు ఘాటు ఉంటుంది, షీటు వారం పది దినాలు ఆ తడిని పట్టుకుని ఉంటుంది. తరువాత ఊడదీసి ఎండలో పడేస్తారు. మళ్లీ ఇంకో మోల్డ్. ఏడాది రెండేళ్లలో ఇట్ల మెల్లమెల్లగా పడే దెబ్బను మూడు దినాల్లో కుదించి కొట్టేదే మరగబెట్టే పరీక్ష. వేడి పెరిగితే జిగురు చెడే వేగం పెరుగుతుంది, ఉబ్బడం ముడుచుకోవడం వల్ల గీత మీద గుంజులాట పడుతుంది. మధ్యలో ఆరబెట్టడం ఎందుకంటే అందుకే. ఊరికే నానబెట్టి ఉంచితే గుంజులాట ఒకసారే జరుగుతుంది.

ఈ ఆరబెట్టే భాగం పావగడ వాళ్లం మనం బాగా గమనించాలి. వాన తక్కువ ఊరు కదా, నీళ్లను తట్టుకునే ప్లైవుడ్ మనకెందుకు అని ఒక సభ్యుడు రాసినాడు. తిరుమణి, వళ్లూరు పక్క 13,000 ఎకరాల్లో 2050 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టింది ఇక్కడ ఎండకు కొదవ లేదనే కదా. క్యూరింగ్ నీళ్లతో నానిన షీటు ఆ ఎండలో ఒక్క మధ్యాహ్నం పడి ఉంటే చాలు, పై పొర కటకటా ముడుచుకుంటుంది, లోపలి పొర ఇంకా తడిగానే ఉంటుంది. మలెనాడులో నిదానంగా ఎండే షీటు కంటే మన దగ్గర షీటుకు కష్టం జాస్తి. కరువు సీమలో ప్లైవుడ్ సుఖంగా ఉంటుందనేది వట్టి భ్రమ.

రెండో పరీక్ష కత్తి పరీక్ష. పొరల మధ్య మొద్దు కత్తి లాంటిది దూర్చి పైకి లేపుతారు. ఎంత బలం పెట్టి లేపినామన్నది కాదు, విడిపోయిన ముఖం ఎట్లా ఉందన్నది చూడాలి. జిగురు మంచిదైతే పొర శుభ్రంగా ఊడి రాదు. చెక్క చీలి, ఈనెలు జిగురుకు అంటుకునే ఉంటాయి. జిగురు చెడ్డదైతే అప్పడం మాదిరి నున్నగా ఊడి వస్తుంది, లోపల జిగురు పొర మెరుస్తూ కనిపిస్తుంది. ఊరి బ్యాంకులో కవరు విప్పినట్టు అనుకోండి. కాగితం చినిగితే గోందు మంచిది, అంచు అట్లనే లేచి వస్తే గోందు దండగ.

మూడోది లాగే పరీక్ష. చిన్న ముక్క తీసుకుని, రెండు ముఖాల మీదా ఎదురెదురు వైపుల నుంచి గాడి కోస్తారు. అప్పుడు రెండు కొసలు పట్టి లాగితే బలమంతా రెండు గాడుల మధ్య ఉన్న జిగురు గీత మీదే పడుతుంది. ఎంత బలానికి తెగింది అని మెషిన్ చెప్తుంది. ఎండు ముక్కను లాగుతారు, మరగబెట్టిన తడి ముక్కనూ లాగుతారు. యూరోపు వాళ్ల ప్రమాణం ఈఎన్ 314లో ఒక తెలివైన మాట ఉంది. చదరపు మిల్లీమీటరుకు 1 న్యూటన్, అంటే మన లెక్కలో చదరపు సెంటీమీటరుకు సుమారు 10 కిలోలు, అంతకు పైన బలానికి తెగితే సరే, ఇంకేమీ అడగరు. 0.6కు పైన, 1కి లోపల తెగితే విరిగిన ముఖంలో కనీసం నూటికి 40 పాళ్లు చెక్క చినిగి ఉండాలి. 0.4 నుంచి 0.6 అయితే 60 పాళ్లు. 0.2 నుంచి 0.4 అయితే 80 పాళ్లు. మెత్తటి చెక్క తక్కువ బలానికే చినుగుతుంది, అది జిగురు తప్పు కాదు కదా. బలం తగ్గినప్పుడు తప్పు చెక్కదా జిగురుదా అని తేల్చేదానికి ఈ ఏర్పాటు. డిపార్ట్‌మెంటులో సరుకు పాడైతే తప్పు లోడింగు స్టేషనుదా, అన్‌లోడింగు స్టేషనుదా అని ఎంక్వయిరీ పెట్టేవాళ్లు. అంత న్యాయంగా జరిగిన ఎంక్వయిరీలు తక్కువే చూసినాము.

జిగురు వదిలితే ఏమవుతుందో మన దేశం గాలిలో కూడా చూసింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషు వాళ్లు మాస్కిటో అనే విమానాన్ని ప్లైవుడ్, మెత్తటి చెక్కతో కట్టినారు. వేగంలో దానికి సాటి అప్పుడు తక్కువ. 1944లో మన దేశంలో వాడుతున్న వాటిలో కొన్ని గాలిలోనే విరిగి మనుషులు చనిపోయినారు. ఆ ఏడాది చివర వాటిని కొన్నాళ్లు ఎగరనివ్వలేదు. మొదట అందరూ మన ఎండ, తేమ తగిలి జిగురు చెడింది అన్నారు. తరువాత విచారిస్తే అతుకుల పనితనంలోనే లోపాలు ఉన్నాయని, చెక్కకు చెక్కకు మధ్య సందులు వదిలి అంటించినారని బయటపడింది. జిగురు పేరు మంచిదైతే సరిపోదు, అంటించిన తీరు కూడా మంచిదిగా ఉండాలి. డబ్బా మీద ఫినాల్ అని రాసి ఉంటే అతుకు నిలిచిందని అర్థం కాదు. కాబట్టి పరీక్ష చేయాల్సింది జిగురు డబ్బాను కాదు, తయారై వచ్చిన షీటునే.

మన దేశంలో ప్లైవుడ్ మొదట పేరు తెచ్చుకున్నది టీ పెట్టెల వల్ల. భారత ప్రమాణాల్లో 10వ నంబరే ప్లైవుడ్ టీ పెట్టెలది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పార్సిల్ ఆఫీసులో ఆ పెట్టెలు చూసినాము. వాన కాలం ప్లాట్‌ఫారం మీద రెండు రాత్రులు ఉంటే కొన్ని పెట్టెల మూలలు పుస్తకం మాదిరి తెరుచుకునేవి. పక్కనే ఉన్న ఇంకో తోట పెట్టెలకు ఏమీ అయ్యేది కాదు. చెక్క చూస్తే రెండూ ఒకటే.

ఆ ఆఫీసులోనే నేర్చుకున్న ఇంకో మాట ఈ విషయానికి సరిగ్గా పనికొస్తుంది. సరుకు బుక్ చేసేటప్పుడు రైల్వే రసీదు మీద "సెడ్ టు కంటైన్" అని రాస్తారు. లోపల ఫలానా ఉందని పంపినవాడు చెప్పినాడు, రైల్వే తెరిచి చూడలేదు అని దాని అర్థం. షాపులో "సార్, పక్కా వాటర్‌ప్రూఫ్" అన్న మాట కూడా అంతే. అది సెడ్ టు కంటైన్. బిల్లు అడిగి చూడండి. అందులో "ప్లైవుడ్ 12 ఎంఎం, ఇన్ని షీట్లు" అని ఉంటుంది, వాటర్‌ప్రూఫ్ అనే మాట ఉండదు. పోయిన మీటింగులో చదివిన మూడు కొటేషన్లలో రెండింటిలో గ్రేడు లేదు, ఐఎస్ నంబరు లేదు. మూడో దాంట్లో "మెరైన్ క్వాలిటీ" అని ఉంది. మెరైన్ క్వాలిటీ అనే ప్రమాణం ఎక్కడా లేదు. ఐఎస్ 710 ఉంటే 710 అని రాయాలి, 4990 ఉంటే 4990 అని రాయాలి. క్వాలిటీ అనే మాటను తోక మాదిరి తగిలిస్తే ఎవరినీ కోర్టుకు లాగలేము.

మా బంధువుల ఇంట్లో రెండేళ్ల కిందట జరిగింది చెప్తాము. షాపు పేరు అడగొద్దు. మొదటి అంతస్తు మోల్డ్‌కు కొత్త షీట్లు కొన్నారు, బాగానే వచ్చింది. అవే షీట్లు ఆరు నెలల తరువాత రెండో అంతస్తుకు వాడినారు. కాంక్రీటు పోసిన రోజు ఏమీ తెలియలేదు. షీట్లు ఊడదీసినాక చూస్తే జాకీకి జాకీకి మధ్య కప్పు కడుపు దిగి ఉంది. ఒకచోట షీటు పై పొర కాంక్రీటుకే అంటుకుని ఉండిపోయింది, కింద పొర చేతికి వచ్చింది. ఇంకోచోట సందుల్లోంచి సిమెంటు పాలు కారిపోయి తేనెపట్టు మాదిరి బొక్కలు, కంబి బయటకు కనిపిస్తా ఉంది. ఎవరికీ దెబ్బ తగలలేదు, అది దేవుని దయ. కానీ ఆ కడుపును సమం చేయడానికి ప్లాస్టరింగు రెండంగుళాల మందం వేసినారు. ఆ ప్లాస్టరింగు పెచ్చులు ఇప్పుడు రాలుతా ఉన్నాయి, కింద బిడ్డలు పండుకునే గది. షాపాయన "మొదటిసారి బాగానే వచ్చింది కదా, రెండోసారికి గ్యారంటీ ఎవరు చెప్పినారు" అన్నాడు. ఒక విధంగా ఆయన చెప్పింది నిజం. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు, ఎవరూ పరీక్షించలేదు.

మన భవనానికి కింద హాలు, పైన భోజనాల హాలు, తరువాత నీళ్ల ట్యాంకు, వంటశాల కప్పు. అంటే అవే షీట్లను కనీసం మూడు నాలుగు సార్లు వాడాలని కమిటీ లెక్క వేసింది. జిగురు సంగతి తేలేది మొదటి మోల్డ్‌లో కాదు, రెండు మూడింటిలో. హాలుకు 75 షీట్లు పడతాయి, కోతలు వేరే. మంచి షీటు రేటు మూడో వంతు ఎక్కువే అనుకుందాం. చవక షీటు రెండుసార్లకు పొట్టు రేగి, మంచిది నాలుగుసార్లు నిలిస్తే ఏది చవక? ఖజానా చూసే మన తమ్ముడు బ్యాంకులో పని చేసినవాడే, ఈ భాగారం మేము చేసి చూపించాల్సిన పని లేదు. చందా ఇచ్చినవాళ్లలో పెన్షన్ లోంచి తీసి ఇచ్చినవాళ్లు ఉన్నారు, ఊదుబత్తీలు చుట్టి ఇచ్చినవాళ్లు ఉన్నారు. ఆ దుడ్డుకు ఒక్క రిపోర్టు అడగడం పెద్ద కోరిక కాదు.

ఎదురు మాటలు కూడా విన్నాము. "ఇనుప షీట్లు బాడుగకు తెస్తే ఈ గొడవే లేదు కదా" అన్నారు. చిన్న గదుల కప్పుకు ఇనుప షీట్లు బాగానే ఉంటాయి, మేమూ వద్దనము. మన హాలులో బీములు ఎక్కువ, అడుగు భాగం ప్లాస్టరింగు లేకుండా నున్నగా రావాలని ఇంజనీరు డ్రాయింగులో రాసినాడు. వంకర పోయిన బాడుగ షీట్ల సందుల్లో కాగితాలు, గోనె పీలికలు కుక్కి పని చేస్తే ఆ నునుపు రాదు. "మేస్త్రీకి ముప్పై ఏళ్ల అనుభవం, చేత్తో తట్టి చెప్తాడు" అన్నారు. మేస్త్రీ మీద మాకు గౌరవమే. తట్టితే లోపల సందు ఉన్నది లేనిది కొంత తెలుస్తుంది. మూడో మోల్డ్‌కు జిగురు నిలుస్తుందా లేదా అన్నది తట్టితే తెలియదు. అదే మేస్త్రీ కాంక్రీటు క్యూబులు పోసి 28 దినాలకు నొక్కి చూడాలంటే మారు మాట్లాడడు. కాంక్రీటుకు ఒక న్యాయం, దాన్ని మోసే పలకకు ఇంకో న్యాయమా? రాయదుర్గం, తుమకూరు రైలు లైను కోసం మన తాలూకాలో ఏళ్ల తరబడి ఎదురు చూస్తున్నాము. రేపు ఆ వంతెనల్లో ఒకదానికి పరీక్ష లేని సరుకు వాడినారని తెలిస్తే మనమే కదా మొదట అర్జీ రాసేది.

జిగురు పరీక్ష అన్నీ చెప్తుందని మాత్రం అనుకోవద్దు. లోపలి పొరల్లో ముక్కకు ముక్కకు మధ్య సందు ఉంటే, పొర మీద పొర ఎక్కి మడత పడి ఉంటే, జిగురు ఎంత మంచిదైనా ఆ చోట షీటు బలహీనమే. ముక్క కోసిన చోట సందు లేకపోతే పరీక్ష పాసవుతుంది. షీటు వంగుడు బలానికి వేరే పరీక్ష ఉంది. పైన ఫిల్మ్ అతికించిన షీటు అయితే ఆ ఫిల్మ్ గీరుకుపోతే నీళ్లు లోపలికి దిగుతాయి. కోసిన అంచులకు పెయింటు పూయకుండా వాడితే ఫినాల్ జిగురు షీటు కూడా అంచుల దగ్గర ఉబ్బుతుంది. మన పనివాళ్లు ఎక్కువగా వదిలేసేది ఇదే. రంపం పెట్టిన ప్రతి అంచుకూ పెయింటు అని కాంట్రాక్టులో ఒక్క లైను రాయించాలి. ఇక జాకీల మధ్య దూరం తప్పితే మెరైన్ ప్లైవుడ్ కూడా కాపాడదు. ఊడదీసే గడువు సంగతి కూడా అంతే. ఐఎస్ 456 ప్రకారం 4.5 మీటర్ల కంటే ఎక్కువ వెడల్పున్న కప్పు కింద జాకీలు 14 దినాలు, 6 మీటర్లు దాటిన బీము కింద 21 దినాలు ఉండాలి. ముహూర్తం ఉందని పది దినాలకే తీసేయమని ఎవరైనా చెప్తే వినొద్దు.

మేము అడిగేది ఏమిటంటే, ఆర్డరులోనే ఐఎస్ 4990 అని, ఫినాల్ జిగురు అని రాయండి. షీటు మీద ఐఎస్ఐ గుర్తు, దాని కింద లైసెన్సు నంబరు ఉండాలి. ఫోనులో బిఐఎస్ కేర్ అనే యాప్ ఉంది, ఆ నంబరు కొడితే లైసెన్సు ఎవరిది, నడుస్తా ఉందా లేదా తెలుస్తుంది. మన పిల్లలు ఎవరైనా రెండు నిమిషాల్లో చూస్తారు. యమునానగర్ నుంచి వచ్చిందా, పెరుంబావూరు నుంచి వచ్చిందా అనే వాదం మాకు అక్కర్లేదు, రెండు చోట్లా మంచీ చెడూ తయారవుతాయి. లారీ దిగినాక షాపువాడు చూపించిన షీటు కాకుండా, దొంతి మధ్యలోంచి మనం ఎంచుకున్న రెండు షీట్లు తీయాలి. అంచు నుంచి కాకుండా నడుమ నుంచి ముక్కలు కోయాలి. కొన్ని ముక్కలు బెంగళూరుకు పంపాలి. అక్కడ యశవంతపురం పక్క తుమకూరు రోడ్డు మీదే 1962లో మొదలైన ప్లైవుడ్ పరిశోధన సంస్థ ఉంది, ఇపిర్టి అనేవాళ్లు. ప్లైవుడ్‌ను మరగబెట్టి, లాగి, కత్తి పెట్టి చూసేదే వాళ్ల పని. మన పావగడ బస్సులు పోయేది ఆ రోడ్డునే. రిపోర్టు వచ్చేదాకా బాకీలో సగం ఆపి పెట్టాలి. సరుకు మీద నమ్మకం ఉన్న షాపువాడు ఈ షరతుకు ఒప్పుకుంటాడు. ఒప్పుకోనివాడితో మనకు వ్యాపారం వద్దు.

రిపోర్టు వచ్చేలోపల మనం చేసుకోగలిగింది కూడా ఉంది. చేతి వెడల్పు ముక్కలు నాలుగు కోసి, డ్రమ్ములో నీళ్లు మరగబెట్టి, పగలంతా ఎనిమిది గంటలు ముక్కలు మునిగి ఉండేట్టు చూడాలి. రాత్రి ఆరబెట్టి, మరుసటి దినం మళ్లీ. మూడు దినాలు. ఇది ల్యాబు పరీక్షకు సమానం కాదు, కానీ యూరియా జిగురు షీటు అయితే మొదటి సాయంత్రానికే అంచులు నోరు తెరిచే అవకాశం ఎక్కువ. మూడు దినాల తరువాత పాత ఉలి ఒకటి పొరల మధ్య పెట్టి లేపి, చెక్క చినిగిందా, నున్నగా ఊడిందా అని అందరూ చూడవచ్చు.

డ్రమ్ము మా ఇంటి వెనక ఉంది, చిల్లు లేదు. కట్టెలు మూడు మోపులు కావాలి. కొటేషన్ ఇచ్చిన ముగ్గురినీ ఒక్కొక్క అడుగు ముక్క శాంపిల్ పంపమని ప్రెసిడెంటు గారు ఫోను చేస్తే వచ్చే శుక్రవారం పొద్దున ఆరు గంటలకు పొయ్యి అంటిస్తాము. ముక్కల మీద ఎవరిది ఏదో తెలియకుండా ఒకటి, రెండు, మూడు అని గాట్లు పెట్టే పని సెక్రటరీ గారిది. మధ్యాహ్నం నీళ్లు పోస్తా కూర్చునేదానికి ఇద్దరు కావాలి. పేర్లు కింద రాయండి.